పెరటి మీద దావా

మహారాజశ్రీ పాఠక న్యాయమూర్తులవారి దివ్యసముఖానికి, గుంటూరులో నల్లరేగడి నేల మీద ఇల్లు కట్టుకున్న ఒక గృహస్థుడు శిరసు వంచి చేసుకుంటున్న ఫిర్యాదు ఏమనగా:

వాదికి ఇల్లు పోను వెనక రెండు సెంట్ల ఖాళీ జాగా ఉంది. అందులో వాది కోరినది నందనవనం కాదు. దేవుడికి నాలుగు పూలు, చారులోకి నాలుగు ఆకులు, సాయంత్రం కుర్చీ వేసుకుని కూర్చుంటే కళ్ల ఎదుట కాస్త పచ్చదనం. ఇంతే. ఇంటి పన్ను గడువులోగా కట్టే మనిషికి ఈపాటి కోరిక అత్యాశ అని ఏ కోర్టూ అనదు. అయినా ఈ కోరిక తీరనివ్వకుండా ఏళ్ల తరబడి వాదిని వేధిస్తున్న ప్రతివాదులు నలుగురున్నారు. ఒకటి నేల, రెండు ఆకాశం, మూడు రోడ్డు, నాలుగు నర్సరీ. సలహాలిచ్చినవాళ్లను కూడా చేరుద్దామంటే స్టాంపు కాగితాలు చాలవు. అందుకని వాళ్లను సాక్షులుగా మాత్రమే పిలుస్తున్నాను.

దావా సారాంశం ఇది. మా పెరడు ఏడాదిలో కొన్ని నెలలు చెరువు, మిగతా నెలలు ఇటుకబట్టీ. వానలో కుళ్లకుండా, ఎండలో మాడకుండా రెండు కాలాలూ ఒకేచోట నిలబడి బతికే మొక్క నాకు కావాలి. వాననోర్చేవాటిని ఎండ చంపుతోంది. ఎండనోర్చేవాటిని వాన చంపుతోంది. నా డబ్బు మాత్రం రెండు కాలాల్లోనూ పోతోంది.

మొదటి ప్రతివాది: నేల

నల్లరేగడి గురించి పుస్తకాలు రాసినవాళ్లంతా దాని తరఫు వకీళ్లలాగే రాశారు. పత్తికి మంచిది, సారవంతమైనది, తేమను పట్టి ఉంచుతుంది అంటారు. పట్టి ఉంచుతుందన్నది అక్షరాలా నిజం. మొక్క వడలి తల వేలాడేసిన వేళ కూడా ఆ మట్టిలో బోలెడు నీరు మిగిలే ఉంటుంది. సన్నటి బంకమన్ను రేణువులు ఆ నీటిని గట్టిగా పట్టుకుని వేళ్లకు వదలవు. అప్పిచ్చేవాడి దగ్గర డబ్బుండటం వేరు, అది మన చేతికి రావడం వేరు.

ఈ మట్టిలో మాంట్‌మోరిల్లనైట్ అనే ఖనిజం ఉంటుంది. దాని పొరల మధ్యకు నీరు దూరితే ఉబ్బుతుంది, నీరు ఆరిపోతే ముడుచుకుంటుంది. శాస్త్రం ఈ రెండు ముక్కలూ చెప్పి ఊరుకుంది. ఆ ఉబ్బడానికీ ముడుచుకోవడానికీ మధ్య కాపురం చేస్తున్నది మేము. వేసవిలో పెరట్లో నెర్రెలు ఇస్తే, మా ఆవిడ బీరువా తాళంచెవి అందులో జారిపడి, తాడుకు అయస్కాంతం కట్టి బావిలో చేదను వెతికినట్టు వెతకాల్సి వచ్చింది. నెర్రె విచ్చుకునేటప్పుడు దానికి అడ్డొచ్చిన వేళ్లు పుటుక్కున తెగుతాయి. అంటే ఎండ పైన ఆకును మాడుస్తుంటే, నేల కింద వేరును తెంపుతుంటుంది. ఇద్దరు ప్రతివాదులూ కూడబలుక్కునే ఈ పని చేస్తున్నారని నా అనుమానం.

వానలు పడ్డాక అదే నేల ఉబ్బి నెర్రెలన్నీ మూసుకుంటుంది. నీరు కిందికి దిగే దారి బందవుతుంది. మట్టిలో గాలి ఉండాల్సిన సందులన్నీ నీటితో నిండుతాయి. ప్రాణవాయువు గాలిలో కదిలే వేగంతో పోలిస్తే నీటిలో సుమారు పదివేల రెట్లు నిదానంగా కదులుతుంది. వేళ్లకు ఊపిరాడదు. ఊపిరాడని వేరు నీటిని పీల్చలేదు. కాబట్టి మడమల లోతు నీళ్లలో నిలబడ్డ మొక్క దాహంతో వడలిపోతుంది. ఇంతకంటే అన్యాయం ఇంకెక్కడైనా ఉందా? పక్కింటి మాస్టారు జాలిగుండె మనిషి. వానాకాలంలో వడలిన తన కరివేపాకు చెట్టును చూసి, పాపం దాహమేస్తోందని రెండు బిందెలు పోశారు. మర్నాడు ఇంకో రెండు పోశారు. వారం తిరక్కుండా ఆ చెట్టును దయతో చంపేశారు.

రెండో ప్రతివాది: ఆకాశం

ఉమ్మడి గుంటూరు జిల్లాలో సగటున ఏడాదికి 850 మిల్లీమీటర్ల దాకా వాన పడుతుంది. లండన్‌లో పడేది 600 చిల్లర. ఈ లెక్క చూసి గర్వపడదామనుకునేలోపే అసలు సంగతి బయటపడుతుంది. వాళ్లకు అది పన్నెండు నెలలకూ తలా కాస్తా పంచిపెట్టి పడుతుంది. మాకు నైరుతి కొన్నాళ్లు, ఈశాన్యం కొన్నాళ్లు తెచ్చి కుమ్మరించి, జనవరి నుంచి జూన్ దాకా మొహం చాటేస్తాయి. పంపకంలో ఇంత పక్షపాతం ఉమ్మడి కుటుంబాల్లో కూడా ఉండదు.

మా ఊరికి పడమటి వైపు రెంటచింతల ఉంది. ఎండల వార్తలొచ్చిన ప్రతిసారీ పేరు వినపడే ఊరది. దక్షిణాన బాపట్ల తీరం ఉంది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను అక్కడే ఒడ్డెక్కింది. ఎండను రెంటచింతల నుంచి, వానను బాపట్ల నుంచి తెప్పించుకునే దౌర్భాగ్యం మాది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని పెద్దలన్నారు. ఇప్పుడు ఎవరిళ్లలోనూ రోళ్లు లేవు గనుక ఆ ఎండ మా పెరటినే పగలగొట్టుకుని పోతోంది.

మూడో ప్రతివాది: రోడ్డు

ఇల్లు కట్టిన కొత్తలో మా గడప రోడ్డుకు మూడు మెట్లు ఎత్తున ఉండేది. తర్వాత పాత తారు రోడ్డును తవ్వకుండానే దాని మీద కొత్త తారు పోశారు. దాని మీద ఇంకోసారి పోశారు. ఆ పైన సిమెంటు రోడ్డు వేసి, అభివృద్ధి జరిగిందన్నారు. రోడ్డు పైకి ఎదిగిందన్నది నేను కాదనను. మెట్లు ఒక్కొక్కటే భూస్థాపితమయ్యాయి. ఇప్పుడు వీధి ఎత్తున ఉంది, మేము పల్లాన ఉన్నాం. వీధిలో పడిన చినుకు మా గేటు కింది నుంచి దూరి, వసారా పక్కగా నడిచి, నేరుగా పెరట్లోకి వెళ్లి కూర్చుంటుంది. దారి అడగను కూడా అడగదు.

దీనికి తోడు మా వీధివాళ్లు. ప్రతి ఇంటి ముందూ, వెనకా, పక్కనా పార్కింగ్ టైల్స్ పరిచేశారు. చెప్పులకు మట్టి అంటకూడదట. తమ వాకిట్లో ఒక్క చుక్క కూడా ఇంకకుండా అందరూ అంత జాగ్రత్త పడితే, ఆ నీరంతా మట్టి మిగిలిన ఒకే ఒక ఇంటిని వెతుక్కుంటూ రాకేం చేస్తుంది? వీధి మొత్తానికీ ఇంకుడుగుంత మా పెరడే. దీనికి నెలకింత అని అద్దె వసూలు చేసుకునే హక్కు నాకుందా లేదా తేల్చవలసిందిగా కోర్టువారిని ప్రార్థిస్తున్నాను.

నాలుగో ప్రతివాది: నర్సరీ

మా దగ్గర అమ్మే మొక్కల్లో చాలా భాగం కడియం నుంచి లారీల్లో వస్తాయి. కడియం గోదావరి పక్కన ఉంది. అక్కడ ఒండ్రుమట్టి, కాలవ నీరు, నెత్తిన ఎండ సోకకుండా ఆకుపచ్చ వల, పూటపూటకూ పైపుతో స్నానం. ఆ వైభోగంలో పెరిగి, నల్లటి పాలిథిన్ సంచిలో ఎర్రమట్టీ కొబ్బరి పొట్టూ తప్ప మరో లోకం చూడని మొక్కను తెచ్చి మా రేగడిలో పెడితే, అది ఏ మొహంతో బతుకుతుంది? కడియంవారి పనితనం మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. మధ్యలో నిలబడి అమ్మేవాడి మీదే.

మా దగ్గర్లోని నర్సరీ కుర్రాడితో జరిగిన సంభాషణను సాక్ష్యం కింద ఉన్నదున్నట్టు సమర్పిస్తున్నాను.

“బాబూ, ఇది నీళ్లు నిలిచినా బతుకుద్దా?”

“బతుకుద్ది సార్.”

“ఎండకో?”

“అసలు దానికి ఎండే కావాలి సార్.”

“మరి రెండూ ఉన్న చోట?”

“రెండూ ఎట్టా ఉంటయ్ సార్? వానొచ్చినప్పుడు ఎండ ఉండదు గదా!”

ఈ తర్కానికి నా దగ్గర జవాబు లేక డబ్బులిచ్చి వచ్చేశాను. తర్కంలో ఓడినవాడు మొక్క కొనాలన్న నియమం ఏ స్మృతిలో ఉందో తెలియదు గానీ, అన్ని నర్సరీల్లోనూ అమల్లో ఉంది.

ఇక హతుల జాబితా. బొప్పాయి ఏపుగా పెరిగి, కాయలు పట్టి, ఆశ పెట్టి, మొదలు చుట్టూ రెండు రోజులు నీరు నిలిచేసరికి కాండం మెత్తబడి ఒరిగిపోయింది. మునగ కరువుకు జంకదు గానీ, బురదలో దాని వేరు కుళ్లుతుంది. కాగితంపూల తీగ ఎండలో విరగబూసింది. నీరు తక్కువైతేనే దానికి పూత పుట్టుకొస్తుంది. ఆ సంగతి మెచ్చుకుని నాలుగు మాటలు అనేలోపే వానలొచ్చి ఆకులన్నీ రాల్చుకుని అలిగింది. నూరువరహాలు వానకో ఎండకో కాక రేగడిలోని సున్నానికే లొంగిపోయింది. సున్నం ఎక్కువున్న నేలలో ఇనుము ఉన్నా దానికి అందదు. ఆకులు పసుపుపచ్చగా, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మారి, నూరు వరహాల్లో ఒక్కటీ పూయలేదు. నూరువరహాలు పోను మిగతావి ఎండ పక్షం వాళ్లు. నీళ్ల పక్షం వాళ్లు కూడా ఉన్నారు. వస, సరస్వతి ఆకు, తమలపాకు వానాకాలమంతా మా పెరటిని ఏలుకుని, ఏప్రిల్ వచ్చేసరికి ఆనవాలు లేకుండా పోయాయి.

నర్సరీవారు పోతూపోతూ ఇచ్చే సలహా ఒకటుంది. లోతుగా గుంత తీసి, రేగడి అవతల పారేసి, ఎర్రమట్టీ పశువుల ఎరువూ నింపి నాటండి అంటారు. వినడానికి ఎంత బాగుంది! చుట్టూ నీరింకని బంకమట్టి, మధ్యలో గుల్లగా ఉన్న గుంత. వీధి మొత్తం నుంచి వచ్చిన నీరు ఇక ఎక్కడికి పోవాలి? ఆ గుంతలోకే పోతుంది. మొక్క కోసం తవ్వుతున్నామనుకుని జనం తవ్వుతున్నది నుయ్యి. అందులో మొక్కను దించి పైన పసుపూ కుంకుమా చల్లి దణ్ణం పెట్టడం ఒక్కటే మిగిలింది.

సాక్షుల వాంగ్మూలాలు

మొదటి సాక్షి మా బావమరిది. అమెరికాలో మేరీలాండ్ రాష్ట్రంలో ఉంటాడు. నా బాధ విని, వీడియో కాల్‌లో తన పెరడు చూపించాడు. “బావగారూ, దీన్ని రెయిన్ గార్డెన్ అంటారు. ఇది పుట్టిందే మా మేరీలాండ్‌లో” అన్నాడు, దాన్ని కన్నది తనే అయినట్టు. అబద్ధం చెప్పలేదు. 1990 ప్రాంతంలో అక్కడి ప్రిన్స్ జార్జెస్ కౌంటీలో, ఇళ్ల కప్పుల మీది నీరూ రోడ్ల మీది నీరూ కాలవల్లోకి పోకుండా ఇంటి దగ్గరే ఇంకాలని, పెరట్లో కాస్త పల్లం చేసి, తడినీ పొడినీ ఓర్చుకునే మొక్కలు పెట్టే పద్ధతి మొదలైంది. ఆ మాట వినగానే నాకు ఒళ్లు మండింది. డబ్బు ఖర్చు పెట్టి వాళ్లు చేయించుకునే పల్లం మా రోడ్డు నాకు ఉచితంగా చేసిపెట్టిందన్నమాట.

అతగాడు మొక్కల పట్టిక కూడా పంపాడు. స్విచ్‌గ్రాస్, జో పై వీడ్, స్వాంప్ మిల్క్‌వీడ్. మంచు కురిసే దేశపు మొక్కలు. వాటికి శీతాకాలమంతా నిద్ర ఉంది. మాకు శీతాకాలమే లేదు. పైగా ఆ మిల్క్‌వీడ్ ఎవరో కాదు, మన జిల్లేడుకు చుట్టం. సీతాకోకచిలుకల కోసమని అక్కడ డాలర్లు పోసి కొనుక్కుంటున్నారట. ఇక్కడ జిల్లేడు ఇంటిముందు మొలిస్తే అరిష్టమని పీకించేస్తాం. ఇంకో తిరకాసు కూడా ఉంది. రెయిన్ గార్డెన్‌లో నీరు ఒకటి రెండు రోజుల్లో ఇంకిపోవాలి. మా రేగడిలో అది వారం పైగా కూర్చుంటుంది. గుడ్డు నుంచి దోమ కావడానికి కూడా ఇంచుమించు అంతే కాలం పడుతుంది. దోమలకు మా పెరట్లో పురుడు, బారసాల రెండూ జరిగిపోతాయి.

రెండో సాక్షి పక్కింటి మాస్టారు, కరివేపాకు కేసులో పైన చెప్పినవారే. సంస్కృతం చెప్పి రిటైరయ్యారు. ఆరో శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో ఇదంతా ఎప్పుడో చెప్పాడన్నారు. నీటిపట్టు నేలలో పెరిగే చెట్లు పదహారని లెక్కగట్టి, అందులో నేరేడు, కడిమి, మేడి, మద్ది చేర్చాడట. భూమిలో నీటి జాడ ఎలా పట్టాలో చెప్పే అధ్యాయం వేరే ఉందట. అక్కడ కూడా నేరేడు, మేడి, మద్ది, వావిలి కనపడితే దగ్గర్లో నీరున్నట్టేనని రాశాడట. అంతా విని, “మాస్టారూ, ఆగస్టులో నీటిపట్టుగానూ ఏప్రిల్‌లో ఎడారిగానూ ఉండే నేల గురించి ఏమన్నాడు?” అని అడిగాను. వరాహమిహిరుడు ఉజ్జయిని వైపు మనిషి, గుంటూరు చూసి ఉండడన్నారు. ఒప్పుకున్నాను. చూసి ఉంటే ఇంకో అధ్యాయం రాసేవాడు.

మూడో సాక్షి కాలనీ సంఘం కార్యదర్శి. ఆయన దగ్గర ఒకే మందు ఉంది, కోనోకార్పస్. ఉప్పునీటి తీరాల, అప్పుడప్పుడూ మాత్రమే పారే ఎడారి వాగుల వెంట పుట్టిన జాతి. తడికీ ఎండకీ జంకదు, ఏడాదంతా పచ్చగా ఉంటుంది. నేను అడిగిన లక్షణాలన్నీ దానికి ఉన్నాయి. అందుకే తెలంగాణలో హరితహారం మొక్కల పథకం రోజుల్లో రోడ్ల మధ్య బారులు తీర్చి నాటారు. తర్వాత ఇక నాటొద్దన్నారు. గుజరాత్ ప్రభుత్వం 2023లో నిషేధమే పెట్టింది. పుప్పొడి పడక జనానికి ఉబ్బసం లాంటివి వస్తున్నాయనీ, వేళ్లు నీళ్ల పైపుల్లోకీ డ్రైనేజీలోకీ చొరబడుతున్నాయనీ దాని మీద అభియోగాలు. అన్నిటినీ తట్టుకునే మొక్కను తెచ్చుకుంటే, దాన్ని మనం తట్టుకోలేని పరిస్థితి.

నాలుగో సాక్షి మా మామగారు. కొమ్మమూరు కాలవ కింద సేద్యం చేసిన మనిషి. ఎక్కువ మాట్లాడరు. వచ్చి, పెరడంతా ఒకసారి చూసి, చుట్ట ఆర్పి, “అల్లుడుగారూ, మా కాలవగట్టు మీద చెట్లకి ఎవురు నీళ్లు పోస్తన్నారండీ?” అన్నారు.

“కాలవే పోస్తుంది మావయ్యగారూ.”

“కాలవ కట్టేసినాక?”

నేను మాట్లాడలేదు. ఎండాకాలంలో కాలవ కట్టేస్తారు. అడుగు తేలి, నెర్రెలిచ్చి, పిల్లలు అందులో క్రికెట్ ఆడతారు. గట్టు మీది చెట్లు అప్పుడూ పచ్చగానే ఉంటాయి. మళ్లీ నీరొదిలినప్పుడు మొదళ్ల దాకా మునిగీ పచ్చగానే ఉంటాయి. అవేమిటో చెప్పమంటే ఆయన వేళ్ల మీద చెప్పారు: నల్లతుమ్మ, కానుగ, నేరేడు, మద్ది, వావిలి, ఈత, తాడి.

ఇక్కడ వాదికి అసలైన కష్టం మొదలైంది. ఆయన చెప్పిన ప్రతి పేరూ నిజమే. ఒకటి తప్ప దేన్నీ మా ఇంట్లో ఒప్పుకునేవాళ్లు లేరు.

నల్లతుమ్మను చెరువు శిఖంలోనే నాటేవారు అటవీశాఖవాళ్లు. చెరువు నిండితే నడుం లోతు నీళ్లలో, ఎండితే పగిలిన అడుగులో నిలబడుతుంది. ముళ్లు మాత్రం జానెడుంటాయని మా ఆవిడ. నేరేడు రెండు కాలాలకూ దీటైనదే. పండ్లు రాలి సున్నం వేసిన గోడలూ, ఆరేసిన బట్టలూ ఊదారంగుకు తిరుగుతాయని మా ఆవిడే. తెల్లమద్ది ఏటి ఒడ్డు చెట్టు, గుండెకు మంచిదంటారు. అది ఎదిగే ఎత్తుకు రెండు సెంట్లు కాదు, రెండు ఎకరాలుండాలి. తాడి పెడితే కల్లుకొట్టు ఇల్లంటారు. ఈత కూడా అంతే. కానుగ పచ్చిరొట్టను డెల్టా రైతులు వరిమడిలో తొక్కేవారు. చిక్కటి నీడ, వరదకూ కరువుకూ చలించదు. అయినా అది రైల్వేస్టేషన్ చెట్టట, ఇంట్లో ఉండకూడదట.

ఆయన చెప్పని గన్నేరు సంగతి ఇంకా దారుణం. వాగుల ఇసుకలో పుట్టిన మొక్క. వరదొస్తే వంగి పోనిస్తుంది, వాగెండితే లోతు నుంచి తాగుతుంది. జాతీయ రహదారి మధ్యలో, లారీల పొగలో, రోహిణి ఎండలో గులాబీరంగు పూలు పూస్తూ కనపడేది అదే. దాని పేరెత్తగానే ఇంట్లో అందరూ నన్ను అనుమానంగా చూశారు. ఆకు, పువ్వు, కొమ్మ అన్నీ విషమే, గుండె మీద పని చేసే విషం. ఆ ముక్క కాదనలేం. చిన్నపిల్లలూ మేకలూ తిరిగే ఇంట్లో దానికి చోటులేదు. మా ఇంట్లో మేకలు లేవు, పిల్లలు పెద్దవాళ్లయ్యారు. మరి ఎవరి ప్రాణానికి భయపడి వద్దంటున్నారో నాకు చెప్పలేదు.

వావిలి ఒక్కదానికి మా అత్తగారి సిఫారసు దొరికింది. బాలింత స్నానానికి ఆ ఆకు వేసి కాచేవారు, తలనొప్పికి ఆవిరి పట్టేవారు. సన్నటి ఊదాపూల గుత్తులు వేస్తుంది. కొట్టేస్తే మళ్లీ చిగురిస్తుంది. ఇంత మంచి పొద నర్సరీలో ఎందుకు లేదని అడిగితే, “పిచ్చి మొక్క సార్, ఎవురు కొంటారు?” అన్నాడు ఆ కుర్రాడు. ఎంతో పెట్టి తెచ్చుకున్న మంచి మొక్కలన్నీ చచ్చి, పిచ్చి మొక్కలు మాత్రమే బతికే చోట పిచ్చి ఎవరిదో కోర్టువారు నిర్ణయించాలి.

గడ్డిజాతిలో వట్టివేరు ఉంది. దాని వేళ్లు మూడు మీటర్ల దాకా నిట్టనిలువుగా దిగుతాయి. వేళ్లలో గాలి నడిచే గొట్టాల్లాంటి సందులుంటాయి. అందుకే నీటిలో మునిగినా ఊపిరాడుతుంది, పై నేల ఎండినా కింది తడి అందుతుంది. నేను అడిగిన రెండు విద్యలూ ఒకే వేరులో పెట్టుకున్న మొక్క అది. నేల కోతను ఆపడానికి దీన్ని గట్ల మీద నాటమని 1980లలో ప్రపంచ బ్యాంకు మన దేశం నుంచే ప్రచారం మొదలుపెట్టింది. తీరా తెచ్చి నాటితే, “ఇంటెనక రెల్లు పెంచుతున్నారేంటి, పాములొస్తాయి” అని వీధివాళ్లు. ఎండాకాలం వాళ్ల కూలర్లలో చల్లటి వాసన కోసం పెట్టుకునేది ఇదే వేరని చెప్పినా నమ్మలేదు.

అందరి ఆమోదమూ పొందిన ఏకైక అభ్యర్థి మెట్టతామర. మురుగునీటిని శుద్ధిచేసే చిత్తడి మడుల్లో దీన్ని కూడా నాటుతారు కాబట్టి మా వీధి నీళ్లు దానికొక లెక్క కాదు. ఎండాకాలం పైన ఆకులెండినా నేలలో దుంప దాక్కుని ఉంటుంది, తొలకరికి మళ్లీ లేస్తుంది. ఎర్రగా, పచ్చగా పెద్ద పెద్ద పూలు. ప్రభుత్వ కార్యాలయాల ముందు ఉండే మొక్కని మా ఆవిడకు కాస్త చిన్నచూపు ఉన్నా, నీళ్లు నిలిచే మూలన దాన్నే పెట్టాం.

ఇంత రాశాక అసలు విజేత పేరు చెప్పకపోతే దావా అసమగ్రం. అది తుంగ. ఎవరూ తేలేదు, ఎవరూ నాటలేదు. నీరు నిలిస్తే సంతోషిస్తుంది. ఎండితే దుంపల్లోకి ముడుచుకుంటుంది. ఒక దుంపను పీకితే దాని దారానికి కట్టిన నాలుగు దుంపలు లోపలే ఉండిపోయి, మనం వెళ్లగానే మొలుస్తాయి. ప్రపంచంలోని పరమ చెడ్డ కలుపు మొక్కల మీద 1977లో వచ్చిన గ్రంథం ఒకటుంది. అందులో మొదటి స్థానం దీనిదే. ప్రపంచ ప్రథమ స్థానం పొందినది మా పెరట్లో ఉందని చెప్పుకోవడానికి నాకు ఈ జన్మలో దక్కిన అవకాశం ఇదొక్కటే.

కోరుతున్న న్యాయం

పై కారణాల చేత కోర్టువారు ఈ కింది ఉత్తర్వులు ఇప్పించాలి.

రోడ్డు వేసేవారు కొత్త పొర వేసే ముందు పాత పొరను తవ్వి తీయాలి. లేనిపక్షంలో రోడ్డు ఎదిగినకొద్దీ మా ఇళ్లను కూడా ప్రభుత్వ ఖర్చుతో ఎత్తాలి.

టైల్స్ పరిచినవారు తమ వాకిట్లో కనీసం ఒక మూల మట్టిని ఊపిరి పీల్చనివ్వాలి. మా పెరటికి పంపిన నీటికి లెక్క రాసివ్వాలి.

నర్సరీవారు ప్రతి మొక్కకూ ధర చీటీతో పాటు, వానలో ఎన్నాళ్లు, ఎండలో ఎన్నాళ్లు బతుకుతుందో రాసిన చీటీ కట్టాలి. రేగడి నేలవాళ్లకు గుంత తీసి పెట్టమని చెప్పడం మానేయాలి. అడుగు ఎత్తున మట్టి దిబ్బ కట్టి, నడినెత్తిన మొక్క పెట్టి, మొదలు చుట్టూ ఎండాకులో వరిగడ్డో పరచమని చెప్పాలి. దిబ్బ మీద వేరు మునగదు, గడ్డి కింద నేల అంతగా నెర్రెలివ్వదు. కరివేపాకు, మల్లె లాంటివి మా ఇంట మిగిలింది ఈ పద్ధతి మీదే. గట్టి మొక్క అన్న పేరున్నదానికి కూడా మొదటి రెండు వేసవులు నీళ్లు పోయాలన్న సంగతి దాచిపెట్టకూడదు. కాలవగట్టు తుమ్మ కూడా పుట్టిన రోజునే మొండిది కాదు.

ఇక పాఠకులకు నా మనవి. నర్సరీకి వెళ్లేముందు మీ ఊరి చెరువుకట్ట మీదికో, కాలవగట్టు మీదికో రెండుసార్లు వెళ్లి రండి, మే నెలలో ఒకసారి, అక్టోబరులో ఒకసారి. రెండుసార్లూ పచ్చగా కనపడినదాని పేరు అక్కడి పశువుల కాపరిని అడగండి. ముళ్లూ విషమూ లేనిదై, మీ జాగాకు సరిపడేదైతే, దాన్ని పిచ్చి మొక్క అనకుండా ఇంటికి తెచ్చుకోండి. తుంగ కోసం మాత్రం అంత దూరం పోనక్కర్లేదు. ఎన్ని దుంపలు కావాలన్నా మా పెరట్లో ఉన్నాయి. తవ్వుకునేవాళ్లు పలుగు మాత్రం తెచ్చుకోవాలి.